పొయ్యి మీది రాయి

మా ఊరు మున్సిపాలిటీ అయిన రోజు నాకు బాగ యాదికున్నది. తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు, ఒక పొద్దున లేచి చూస్తే పంచాయతీ ఆఫీసు మీద బోర్డు మారింది. మోరీలు మారలేదు. మా గల్లీ మోరీకి ఆ సంగతి ఇంకా ఎవ్వరూ చెప్పినట్టు లేరు. అది ఇప్పటికీ గ్రామపంచాయతీ లెక్కనే పారుతది.

ఆ కొత్త బోర్డు కిందనే నాకు నౌకరి దొరికింది. ఔట్‌సోర్సింగు మీద జూనియర్ అసిస్టెంటు. ఎం.ఏ. తెలుగు చదివినోనికి మున్సిపాలిటీల ఏం పని ఉంటదని మా బాపు అడిగిండు. నోటీసులు రాసుడన్న. ఎవరికని అడిగిండు. ఇంకా తేల్చలేదన్న. బాపు తల ఊపిండు. నాగలి పట్టరాని కొడుకు ఏదో ఒకటి పట్టుకున్నడు, కలమే కానీ అనుకున్నట్టున్నది.

చౌరస్తా దాటినంక మార్కెట్ యార్డు గోడ ఉంటది. ఆ గోడకూ రోడ్డుకూ నడుమ ఇంత ఖాళీ జాగ. రోడ్డు మీద గోడ దిక్కు మొఖం పెట్టి నిలవడితే ఎడమకు రామన్నపేట దిక్కు, కుడికి హాలియా దిక్కు. ఏటా వరికోతలకు ముందుగాల ఆ జాగల బైట కమ్మరోళ్ళు దిగుతుండె. ఊళ్ళె ఇండ్లున్న కమ్మరోళ్ళు వేరు, వీళ్ళు వేరు. కొలిమి, సుత్తెలు, బోళ్ళు బండి మీదేసుకొని ఊరూరు తిరుగుతరు. కొడవళ్ళు, గొడ్డండ్లు, పారలు చేస్తరు. మొద్దుబారిన కొడవలికి మళ్ళ పండ్లు కోసి కక్కు పెడతరు. వాళ్ళల్ల మగమనిషి కూసొని పటకారుతోని ఎర్రటి ఇనుము పట్టుకుంటే, ఆడమనిషి నిలవడి పెద్ద సుత్తెతోని కొడతది. చిన్నప్పుడు బాపు వెంట కొడవళ్ళు పట్టుకొని పోయి నేను నోరు తెరుచుకొని చూసేటోన్ని. బాపు ఇంటికొచ్చి అమ్మతోని, మన దగ్గర పెండ్లాం సుత్తె కొట్టే పద్ధతి లేదు కాబట్టి నా చెయ్యి మిగిలిందనేటోడు.

నేను నౌకర్ల చేరేనాటికి కోతమిషన్లు వచ్చి కొడవళ్ళకు గిరాకి పడిపోయింది. మునుపు నాలుగు రోజుల్ల అమ్ముడుపోయే సరుకు ఇప్పుడు పదిహేను రోజులైనా పోదు. గిరాకి తగ్గినకొద్దీ వాళ్ళు ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. ఎదురుంగ ఒకప్పటి పునాస చెల్కలు ప్లాట్లై, ప్లాట్లు కాలనీ అయినయి. కాలనీకి ఒక కమాను కట్టి దాని మీద 'నగర్' అని రాసుకున్నరు. నగరం అన్నంక ఎదురుంగ గుడారాలు ఉంటే బాగుండదు.

ఆ ఏడాది వచ్చినవి రెండే గుడారాలు. ఒకదాంట్ల ఒక ముసలవ్వ, తాత. ఇంకోదాంట్ల వాళ్ళ కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఎడ్లబండి పోయి పాత ట్రాలీ ఆటో వచ్చింది. చిన్నప్పుడు నేను నోరు తెరుచుకొని చూసింది ఆ అవ్వ సుత్తె దెబ్బలనే. ఆమెకు నేను యాదికి లేను. సుత్తె కొట్టేటప్పుడు ఆమె ఎన్నడూ తల ఎత్తి చూసింది లేదు.

వాళ్ళు దిగిన మూడో రోజు కాలనీల ఉండే ఒక కౌన్సిలర్ సారు బోరు కాడ స్టార్టర్ డబ్బా పోయింది. మాపటికల్లా కాలనీ మొత్తం సంతకాలు పెట్టి దరఖాస్తు ఇచ్చింది. ఆడవాళ్ళకు, పిల్లలకు, బోర్లకు రక్షణ లేదని అందుల రాసి ఉన్నది. సంతకం పెట్టినోళ్ళల్ల ఒకాయన దాని ముందురోజే అవ్వ దగ్గర గొడ్డలి చేయించుకున్నడు. గొడ్డలి మంచిగ కుదిరిందట. దరఖాస్తుల ఆ ముచ్చట లేదు.

మీటింగుకు తీర్మానం నన్ను రాయమన్నరు. చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చిందని ఉషారుగ కూసున్న. 'పట్టణ ప్రజల భద్రత, పారిశుద్ధ్యం మరియు సుందరీకరణను దృష్టిలో ఉంచుకొని, రహదారి అంచులయందు తాత్కాలిక ఆవాసములు ఏర్పరచుకొనుట ఇందుమూలముగా నిషేధించడమైనది' అని రాసిన. 'అంచులయందు' అనే మాట దగ్గర కొంచెం సేపు ఆగి మురిసిపోయిన. ఆవాసములంటే ఏందని ఒక కౌన్సిలర్ అడిగిండు. గుడారాలు సార్ అన్న. గట్లనే రాయొచ్చు కదా అన్నడు. గుడారాలని రాస్తే మనుషులు కనవడతరు సార్ అందామనుకున్న గని, అప్పుడే మిర్చిబజ్జీలు వచ్చినయి. తీర్మానం ఏకగ్రీవమైంది.

వారం తర్వాత స్టార్టర్ డబ్బా దొరికింది. ఆ కౌన్సిలర్ సారు బామ్మర్దే తన బోరు కాలిపోయిందని అక్కరకు పట్టుకపోయి, చెప్పుడు మరిచిపోయిండట. డబ్బా వెనక్కి వచ్చింది. తీర్మానం వెనక్కి రాలె.

నోటీసు ఇచ్చేతందుకు నేనే పోయిన. చిరునామా కాడ 'మార్కెట్ యార్డు గోడ ప్రక్కన, హాలియా దిక్కు నుండి మొదటి గుడారము' అని రాసిన. అవ్వ కొలిమి కాడ చిన్న గాలిపంకా తిప్పుతాంది. తాత పటకారు పట్టుకొని నా చేతిలకు చూసి, కొడవలా గొడ్డలా అని అడిగిండు. నోటీసు తాతా అన్న. మంచిది అన్నడు. కొంచెం సేపటికి మళ్ళ అడిగిండు, కొడవలా గొడ్డలా అని. నోటీసే అన్న. మూడోసారి అడిగి, నేను చెప్పినంక జర ఆలోచించి, "దానికి కక్కు పెట్టాల్నా?" అన్నడు.

నేను నవ్విన. అవ్వ నవ్వలేదు. ఏడాది సంది మతి జారుతాందని, మనుమల పేర్లు సుత మరుస్తుండని, చెయ్యి మాత్రం మరువలేదని చెప్పింది. నిజమే. ఆయన చేతిల ఇనుము ఎర్రగ ఉన్నంతసేపు ఎక్కడ తిప్పాల్నో అక్కడ తిరుగుతుండె. ఆమె దెబ్బకూ ఆయన తిప్పుడుకూ నడుమ వెంట్రుక పట్టేంత జాగ లేదు. ఇనుము సల్లారినంక మాత్రం అది ఏందో తెల్వనట్టు దాని దిక్కు చూస్తుండె.

నోటీసు చదువుమన్నది. చదివిన. నేను రాసిందే కాబట్టి జర రాగం తీసే చదివిన. అవ్వ చివరిదాక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని విన్నది.

"బాగ చదివినవ్ బిడ్డా," అన్నది. "ఇప్పుడు మాకు సమజయ్యేటట్టు చెప్పు."

ఏడు రోజుల్ల లేచిపోవాలన్న. గంతేనా, ఎట్లైనా పదిరోజులకు హాలియా దిక్కు పోయేటోళ్ళమే, పోయేటోళ్ళను పొమ్మని ఇంత కాయితం ఎందుకు ఖరాబు చేసిండ్రని అడిగింది. వచ్చే ఏడాది రావద్దని కూడా అందుల ఉన్నది అవ్వా అని నేను చెప్పలే. ఒక నోటీసుకు ఒక దెబ్బ చాలనుకున్న.

నోటీసు ఇచ్చిన నాలుగో రోజు పొద్దుగాల తాత కొడవళ్ళ మోపు భుజాన వేసుకొని ఊళ్ళ మీదికి పోయిండు. రోజూ పోయేదే; పగటీలికి తిరిగొచ్చేదే. ఆ రోజు రాలె. కొడుకు బండి కిరాయికి తీసుకొని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగిండు. ఒక ఊళ్ళె రెండు కొడవళ్ళు అమ్మిండని తెల్సింది, ఇంకో ఊళ్ళె మంచినీళ్ళు తాగిండని తెల్సింది. అక్కడికెళ్ళి ఏదిక్కు పోయిండో తెల్వలె. నేను అవ్వను తోల్కొని పోలీస్ స్టేషనుకు పోయిన. అక్కడ శాశ్వత చిరునామా అడిగిండ్రు. అవ్వ నా దిక్కు చూసింది. హాలియా దిక్కు నుండి మొదటి గుడారము అని నేనే చెప్పిన. నా నోటీసు ఒక్కదానికన్న పనికొచ్చింది. ఫొటో అడిగితే ఆధార్ కార్డు ఇచ్చింది. ఆధార్ ఫొటోల ఎవరైనా ఎవరి లెక్కనైనా ఉంటరు కాబట్టి దాంతోని తాతను పట్టుకునుడు కష్టమని అందరికీ తెల్సు. అయినా తీసుకున్నరు, మంచిగనే రాసుకున్నరు.

ఏడు రోజులు నిండినయి. అవ్వ ఆఫీసుకొచ్చింది. చెప్పులు మెట్ల కింద విడిచి, తలుపు కాడ నిలవడ్డది. నోటీసుల నుంచి తన గుడారం ఒక్కటి తీసెయ్యమన్నది, ముసలోడు వచ్చేదాక. కొడుకు పోతే పోనీ, పిల్లలు బతకాలె కదా, తను మాత్రం ఉంటనన్నది.

మా కమిషనర్ సారు చెడ్డ మనిషి కాదు. పది రోజులు నోటి మాటగ ఇచ్చిండు. కాయితం మీద ఇయ్యలేనన్నడు. జిల్లా నుంచి పెద్దసార్లు పట్టణ శుభ్రత చూసుటానికి వస్తున్నరు, ఆ లోపల జాగ ఖాళీగ కనవడాలె, అంతకు మించి నా చేతుల లేదన్నడు. ఆయన చేతుల ఏమేమి లేవో ఒక రిజిస్టరు పెడితే లావుగ అయితది. నావి కూడా అండ్లనే రాయొచ్చు.

ఆ పది రోజులు నేను ఆఫీసుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అవ్వ కాడ ఆగేటోన్ని. ఒకనాడు, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి తాత అంగీ జేబుల పెట్టకపోతిరి అన్న. పెట్టినం, ఆయన దాన్ని పారేస్తడు, ఆయనకు కాయితం మీద నమ్మకం లేదన్నది. అప్పుడే ఆ పొయ్యి సంగతి చెప్పింది. నాకు తెల్వని సంగతి.

వాళ్ళ తాతముత్తాతల కాడికెళ్ళి ఒక కట్టడి ఉన్నదట. తిరిగేటోళ్ళకు ఇల్లు ఉండదు, కాబట్టి పొయ్యే ఇల్లు. ఎవలన్న తప్పిపోతే ఆఖరుసారి అన్నం తిన్న పొయ్యి కాడికే రావాలె. మిగిలినోళ్ళు ముందుకు పోవాల్సి వస్తే, మూడు పొయ్యిరాళ్ళనూ తియ్యకుండ, వాటి మీద పొడుగు రాయి ఒకటి పెట్టి పోతరు. దాని మొనకు వీళ్ళు ముక్కంటరు. ముక్కు ఏ దిక్కుంటే ఆ దిక్కు పోయినట్టు.

"ఆయన నన్ను మరిచిపోతడేమో గని పొయ్యిని మరువడు," అన్నది అవ్వ. "వస్తడు. కొంచెం లేటైతది."

నాకు ముచ్చటేసింది. ఆఫీసుల చెప్తే మావోళ్ళు నవ్విండ్రు. రీచార్జి అక్కర్లేని ఫోన్ అన్నరు. నేను కూడా నవ్విన. నాకు నవ్వు రావటానికి పెద్దగ కారణం ఏదీ అక్కర్లేదు, అది మా ఇంట్ల అందరికీ తెల్సిన జబ్బే.

పది రోజులైనా తాత రాలె. హాలియా దిక్కు కాలువ కింద వరికోతలు మొదలైనయి. మిషను పోని మడులల్ల, ఒడ్ల పొంటి ఇంకా కొడవలితోనే కోస్తరు, ఆ నాలుగు రోజులు దాటితే వాళ్ళకు ఏడాది తిండి ఉండదు. కొడుకు తల్లిని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోనన్నడు. చివరికి అవ్వనే గుడారం పీకింది. ట్రాలీ నిండినంక, అందరు ఎక్కినంక, పొయ్యి కాడికి తిరిగొచ్చింది. మసిబారిన మూడు రాళ్ళను చేత్తోని ఒకసారి తుడిచింది. పక్కన పెట్టుకున్న పొడుగు రాయిని వాటి మీద పెట్టింది. నేను రోడ్డు దిక్కు నిలవడి చూస్తున్న. ముక్కు నా కుడిచేతి దిక్కు వచ్చింది. హాలియా దిక్కు. రాయి కదులుతదేమోనని ఆమె రెండుసార్లు నొక్కి చూసింది.

"రాయి జరపొద్దు బిడ్డా," అన్నది. "వేరే నిన్ను ఏం అడగ."

"నేనుండంగ వేరే ఎవడు జరుపుతడవ్వా," అన్న.

మాట నిలబెట్టుకున్న. వేరే ఎవడూ జరపలేదు.

పెద్దసార్లు వచ్చే రోజు పొద్దుగాలనే పారిశుద్ధ్యం ట్రాక్టరు గోడ కాడికి వచ్చింది. ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో పంపాలె. మా మున్సిపాలిటీల ఏ పనైనా రెండు ఫొటోల నడుమనే జరుగుతది. ముందు ఫొటో నేను అవ్వోళ్ళు పోయిన రోజే నా ఫోనుతోని తీసిపెట్టుకున్న. ట్రాక్టరు వెంట వచ్చిన అక్క పొయ్యిరాళ్ళు ఎత్తి ట్రాక్టర్ల వేస్తాంటే నేను ఉరికి పోయి ఆపిన. ఏమైనా దేవుని రాళ్ళా సార్ అన్నది. గసోంటియే అన్న. నేనే ఒక్కొక్కటి మోసి గోడ అవతల, యార్డు గేటు వెనుక భద్రంగ పెట్టిన. అంగీకి మసి అయింది. మసి అయిన అంగీతోని చాలా మంచి పని చేసిన మనిషి లెక్క ఫొటోల నిలవడ్డ. ఆ జాగల ఒక మూలకు కానుగ మొక్క నాటిండ్రు. పెద్దసార్లు చూసిండ్రు, బాగున్నదన్నరు, పోయిండ్రు. మొక్కను మూడోనాడు మేకలు తిన్నయి.

అందరు పోయినంక, పగటీలి ఎండల, నేను గేటు వెనుకకెళ్ళి రాళ్ళు మోసుకొచ్చిన. మసి గుర్తు ఉన్న కాడనే మూడూ పెట్టిన, ఒక వేలెడు కూడా తేడా లేకుండ. పొడుగు రాయి మీద పెట్టిన. ముక్కు కుడిచేతి దిక్కని నాకు బాగ యాదికి ఉన్నది. కుడిచేతి దిక్కే పెట్టిన. అవ్వ నొక్కినట్టే రెండుసార్లు నొక్కి చూసిన. కదలలేదు.

అవ్వ పెట్టినప్పుడు నేను రోడ్డు మీద ఉన్న, గోడ దిక్కు మొఖం. ఇప్పుడు గోడ దిక్కు నుంచి వచ్చిన, రోడ్డు దిక్కు మొఖం. నా కుడిచెయ్యి నాతోపాటే తిరిగిందన్న సంగతి, ఎం.ఏ. చదివిన నాకు తట్టలె. జేబుల ఫోనున్నది, ఫోనుల ఫొటో ఉన్నది, ఫొటోల రాయి ఉన్నది. తీసి చూస్తే అయిపోయేది. ఆ ఫొటో ఆఫీసు పని కోసం తీసింది. దానికి వేరే పని ఉంటదని అనుకోలే.

మూడో రోజు పది గంటలకు ఆఫీసుకు పోతాంటే, ఎదురుంగ చాయ్ హోటల్ నడిపే అక్క చెయ్యెత్తి పిలిచింది. తాత వచ్చిండన్నది.

నేను బండి దిగేలోపలే అంతా చెప్పింది. ఏడు గంటలకు వచ్చిండట. మోపుల ఒక్క కొడవలే మిగిలి ఉన్నదట. కాళ్ళు పగిలి ఉన్నయట. చాయ్ ఇస్తా కూసో తాతా అంటే వినలేదట. సక్కగ పొయ్యి కాడికి పోయి, దాని ముందల కూసొని, రాళ్ళ మీద అరచెయ్యి పెట్టిండట, ఇంకా వెచ్చగ ఉన్నయేమోనని చూసేటోని లెక్క. అక్క చాయ్ అక్కడికే పట్టుకపోయి ఇచ్చింది. తాగిండు. పొడుగు రాయి దిక్కు చూసి నవ్విండట. గిలాస తిరిగిచ్చి, మోపెత్తుకొని, నడుసుకుంట పోయిండట. ఆగమంటే ఆగలేదు, నీకు ఫోన్ చేద్దామంటే నీ నంబరు దొరకలేదు తమ్మీ అన్నది.

"ఏ దిక్కు పోయిండక్కా?"

"రామన్నపేట దిక్కు."

అయ్యో, రాయి ఒక దిక్కు చూస్తే తాత ఒక దిక్కు పోయిండా, మతి అంత పోయిందా అన్న. నవ్వినట్టు కూడా ఉన్న.

"రాయి ఎటున్నదో అటే పోయిండు తమ్మీ," అన్నది అక్క.

నేను రోడ్డు దాటి పోయి చూసిన. ఫోన్ తీసి ఫొటో చూసిన. మళ్ళ రాయిని చూసిన. నాకు నవ్వు రాకపోవుడు అదే మొదలు.

బండి మీద రామన్నపేట దిక్కు పోయిన. మూడు గంటలు ముందు నడిచిన ముసలోన్ని బండి మీద పోయేటోడు పట్టుకోవాలె, అది చిన్న లెక్కనే. తాత రోడ్డు పొంటి నడువలేదు. తిరిగేటోళ్ళ నడక రోడ్డు ఇడిసి పోతది. చెల్కల నడుమ, కంచెల పొంటి, పాత బండిబాటల మీద పోతది. ఒక కాడ గొర్లు కాసే ఆయన కనవడ్డడు. తాతను చూసిన అన్నడు. తన గొడ్డలికి తాత ఒక రాయి మీద పదును పెట్టిండట. నా సద్దిల రెండు ముద్దలు తిను పెద్దాయనా అంటే, వద్దు, ఇంటికాడ అది వండి పెట్టి చూస్తాంటది, తినిపోతే కోపానికొస్తది అన్నడట. గట్ల చెప్పి ఆ గొర్లాయన నవ్విండు. ఎంత దూరమట ఆయన ఇల్లు అని నన్ను అడిగిండు.

పొద్దుగూకేదాక తిరిగిన. అవ్వ కొడుక్కు ఫోన్ చేసి చెప్పిన. తాత వచ్చిండు, రామన్నపేట దిక్కు పోయిండు అన్న. రాయి సంగతి ఫోన్ల చెప్పలె. తెల్లారి మళ్ళ పోయిన, ఈసారి రామన్నపేటకే. వాళ్ళు మునుపు దిగే జాగ ఏదో అడుగుకుంట పోతే అక్కడ పెట్రోల్ బంకు ఉన్నది. బంకాయన తాతను చూసిండు. నిన్న మాపటికి వచ్చిండట. పంపుల చుట్టు వంగి వంగి నేల మీద దేవులాడిండట. ఏం పోయింది తాతా అని అడిగితే, పొయ్యి అన్నడట. ఇక్కడ అగ్గి ముట్టియ్యొద్దని మంచిగనే చెప్పి పంపినం అన్నడు బంకాయన. ఏ దిక్కు పోయిండంటే, బండ్లు వచ్చినయి, చూడలేదన్నడు.

నేను మళ్ళ మా ఊరికి వచ్చేసరికి అవ్వ పొయ్యి కాడ కూసొని ఉన్నది. హాలియా నుంచి బస్సు దిగి, మా ఆఫీసుకు రాకుండ, ఎవ్వరినీ అడగకుండ సక్కగ అక్కడికే పోయింది. చేతిల ఒక గుడ్డసంచి. నేను ఎదురుంగ కూసున్న. చెప్పాల్సిన మాటను దారి పొడుగూతా బండి మీద మంచిగ కూర్చుకున్న, 'పొరపాటున', 'ఫొటో కోసరం', 'భద్రంగ'. ఒక్కటీ నోటికి రాలె. రాయి నేనే తీసినవ్వా, మళ్ళ పెట్టినప్పుడు తప్పు పెట్టిన అని మాత్రం అన్న.

అవ్వ రాయి దిక్కు చూసింది. ఇదివరకే చూసింది, నేను రాకముందే. ఆమెకు చెప్పటానికి నా దగ్గర కొత్తది ఏం లేకుండె.

"గిట్లనే ఉండెనా, ఆయన వచ్చినప్పుడు?"

"గిట్లనే ఉండె."

"ముక్కు రామన్నపేట దిక్కు?"

"ఆ."

రోడ్డు మీద ఒక కోతమిషను పోయింది, అది పోయేదాక ఇద్దరం దాన్నే చూసినం. అప్పుడు ఆమె మొఖంల నేను అనుకోనిది ఒకటి కనవడ్డది. తిడతదనుకున్న. తిట్టినా బాగుండేది.

"అట్లైతే ముసలోడు సక్కగనే పోయిండు," అన్నది. "అందరు మతి పోయిందన్నరు. నేను సుత అన్న. ఏడాది సంది అంటనే ఉన్న. పోలేదు చూడు బిడ్డా. రాయి ఎటు చెప్తే అటే పోయిండు."

కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఒక్కసారే. బంకు కాడి మాట కూడా చెప్పిన, దాచిపెట్టుటానికి మనసొప్పలె. పొయ్యి అన్నడా అని అడిగింది. అన్నడట అన్న. ఇంకేమన్న అన్నడా? లేదన్న. గొర్లాయన చెప్పిన సద్దిముద్దల సంగతి చెప్పలె. అది ఇన్నేండ్లకు ఇక్కడ రాస్తున్న. ఆమె చదువదు.

రాయిని హాలియా దిక్కు తిప్పాల్నా అవ్వా అన్న. వద్దన్నది. తను ఇప్పుడు రామన్నపేట దిక్కే పోతున్నదట, ముక్కు అటే ఉండాలె, వెనుక కొడుకు వస్తడు, చూసుకుంటడు. బస్సు ఎక్కిస్త అన్న. బస్సుల పోతే నడిచేటోడు కనవడడు కదా అన్నది. లేచింది. నడుం పట్టుకొని జర ఆగింది. నలభై ఏండ్లు సుత్తె కొట్టిన నడుం.

"నోటీసు మంచిగ చదివినవ్ బిడ్డా," అన్నది. "రాయి చదువుడే నీకు రాలె."

కోపంతోని అనలె. బడిల పంతులమ్మ ఒక సబ్జెక్టుల తప్పిన పిల్లగానికి చెప్పినట్టు చెప్పింది. తర్వాత రోడ్డు దిగి, చెల్కల నడుమ బండిబాట పట్టింది. కమాను కింద కాలనీ వాళ్ళు ఇద్దరు నిలవడి చూసిండ్రు. ఎవరు ఆమె అని ఒకాయన నన్ను అడిగిండు. గొడ్డలి చేయించుకున్నాయనే.

రెండు రోజులకు ట్రాలీ ఆటో హాలియా దిక్కు నుంచి వచ్చింది. గుడారాలు కట్టి ఉన్నయి, కోడలు, పిల్లలు మీద కూసున్నరు. నేను చాయ్ హోటల్ కాడ ఉన్న. కొడుకు ఆటోను నెమ్మది చేసి పొయ్యి దిక్కు చూసిండు. దిగలె. చెయ్యెత్తిన, నన్ను చూడలె. రామన్నపేట రోడ్డు పట్టుకొని పోయిండు. కొన్నాళ్ళు ఆయనకు ఫోన్లు చేసిన. దొరకలేదనే చెప్పేటోడు, తాతనో అవ్వనో నేను అడిగేటోన్ని కాదు. తర్వాత ఆ నంబరు వేరే ఎవరికో పోయింది.

మళ్ళ ఏడాది బైట కమ్మరోళ్ళు రాలె. ఆ తర్వాత కూడా ఎవ్వరూ రాలె. నెల నెలా ఒక ఫారం పంపుత, 'రహదారి అంచులయందు ఆవాసములు: లేవు' అని. నా మాటలే. కాలనీ ఇప్పుడు చాలా భద్రంగ ఉన్నది. స్టార్టర్ డబ్బాలు ఎక్కడియి అక్కడ ఉన్నయి. మా బాపు కొడవలికి మాత్రం కక్కు పోయింది. ఏడాదికోసారి దాన్ని చూరుల నుంచి తీసి, బొటనవేలు పెట్టి చూసి, మళ్ళ అక్కడనే దోపుతడు. నన్ను ఏమీ అడగడు.

పోయినేడు ఆ గోడ పొడుగూతా ఫుట్‌పాతు వేసి టైల్సు పరిచిండ్రు. కొలతలు తీసేటప్పుడు నేను కూడా పోయిన. నక్షల ఆ జాగ కాడ పెన్సిలుతోని చిన్న డబ్బా గీసిన. కాంట్రాక్టరు ఇది ఏంది సార్ అని అడిగిండు. మ్యాన్‌హోల్ అన్న. ఇక్కడ డ్రైనేజీ లైనే లేదు కదా అన్నడు. వస్తది, మంజూరైతాందన్న. మా ఊర్ల ఆ మాట అంటే ఎవ్వరూ మళ్ళ అడగరు.

ఇప్పుడు అక్కడ టైల్సు నడుమ మూరెడు మట్టి ఉన్నది. అందుల మూడు రాళ్ళు, మీద ఒక పొడుగు రాయి. ముక్కు రామన్నపేట దిక్కు. ఆఫీసుకు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆగి చూస్త. గోడ దిక్కు మొఖం పెట్టి నిలవడే చూస్త. చెయ్యి మాత్రం పెట్ట.